ఫార్మసిస్ట్ జీతం, నర్సు జీతం: దేశం మారితే లెక్క ఎందుకు తిరగబడుతుంది?

భారత కేంద్ర ప్రభుత్వ ఆసుపత్రిలో కొత్తగా చేరే నర్సింగ్ ఆఫీసర్‌కు ఏడో వేతన సంఘం పట్టికలో లెవల్ 7 ఇస్తారు. బేసిక్ 44,900 రూపాయలు. అదే ఆసుపత్రి ఫార్మసీలో కొత్తగా చేరే ఫార్మసిస్ట్‌ది లెవల్ 5, బేసిక్ 29,200. రెండేళ్ల సర్వీసు తర్వాత ఒక లెవల్ పెరిగినా, అప్పటికీ నర్సు కంటే ఒక మెట్టు కిందే. అమెరికాకు వెళ్తే ఇదంతా తలకిందులవుతుంది. అక్కడి కార్మిక గణాంకాల విభాగం 2024 మే నెలకు ఇచ్చిన లెక్కల్లో ఫార్మసిస్టుల మధ్యస్థ వార్షిక వేతనం (సగం మందికి దీనికంటే ఎక్కువ, సగం మందికి తక్కువ) 1,37,480 డాలర్లు, రిజిస్టర్డ్ నర్సులది 93,600 డాలర్లు. బ్రిటన్‌లోనూ ఫార్మసిస్టే పైన, కాకపోతే తేడా అంత లేదు. ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో కొత్త నర్సు బ్యాండ్ 5లో, కొత్త ఫార్మసిస్ట్ బ్యాండ్ 6లో మొదలవుతారు. ఇంగ్లండ్‌లో 2024-25లో ఆ బ్యాండ్ల తొలి జీతాలు వరుసగా 29,970, 37,338 పౌండ్లు.

రెండింటిలో ఏది మేలు అని అడిగితే చాలామంది ఏ పని కష్టం, ఏ పని గొప్ప అనే వాదనలోకి దిగిపోతారు. కానీ పని అన్నిచోట్లా దాదాపు ఒకటే. డోసు ఎక్కువైతే కిడ్నీ ఏ దేశంలోనైనా దెబ్బతింటుంది. రాత్రి మూడు గంటలకు బీపీ పడిపోయిన రోగి దగ్గరికి పరుగెత్తాల్సింది ఎక్కడైనా నర్సే. పని మారకుండా జీతాల వరుస మారుతోందంటే, కారణం పని చుట్టూ ఉన్న ఏర్పాట్లలో వెతకాలి: చదువుకు పెట్టిన కనీస హద్దు, డబ్బు వచ్చే దారి, ఒక్కతాటి మీద నిలబడే మనుషుల సంఖ్య, సంతకానికి ఉన్న విలువ.

కనీస హద్దుతో మొదలుపెడదాం, ఎందుకంటే పై మూడు దేశాల తేడాలో సగానికి సగం అక్కడే తేలిపోతుంది. భారత్‌లో ఇంటర్ తర్వాత రెండేళ్ల డీ ఫార్మసీ డిప్లొమా, దాని మీద 500 గంటల ప్రాక్టికల్ శిక్షణ ఉంటే ఫార్మసిస్టుగా రిజిస్టర్ కావచ్చు. నర్సు కావాలంటే జీఎన్‌ఎం అనే డిప్లొమా మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. అమెరికాలో ఈ 2000ల మొదటి నుంచి ఫార్మసిస్ట్ లైసెన్సుకు ఫార్మ్ డీ (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) డిగ్రీ ఒక్కటే దారి, స్కూలు చదువు అయ్యాక అది కనీసం ఆరేళ్ల వ్యవహారం. అక్కడ నర్సు మాత్రం రెండు మూడేళ్ల అసోసియేట్ డిగ్రీతోనూ లైసెన్సు పరీక్షకు కూర్చోవచ్చు. బ్రిటన్‌లో నర్సింగ్ డిగ్రీ మూడేళ్లు, ఫార్మసీ నాలుగేళ్లు ప్లస్ ఒక ఏడాది శిక్షణ. మూడు దేశాల్లోనూ ఏ వృత్తిలోకి రావడానికి ఎక్కువ ఏళ్లు పడుతుందో ఆ వృత్తికే తొలి జీతం ఎక్కువ.

ఇక్కడ ఒక చిక్కుంది. పే స్కేలును ఉద్యోగానికి కావాల్సిన కనీస అర్హతను చూసి కడతారు, అభ్యర్థి దగ్గరున్న డిగ్రీని చూసి కాదు. నోటిఫికేషన్‌లో కనీస అర్హత డీ ఫార్మసీ అని ఉన్నంతకాలం, బీ ఫార్మసీ చేసినవాళ్లు చేరినా, 2008లో మొదలైన ఆరేళ్ల ఫార్మ్ డీ పూర్తి చేసినవాళ్లు చేరినా అదే లెవల్ 5. భారత్‌లో ఫార్మ్ డీ పట్టభద్రుల అసంతృప్తికి మూలం ఇదే. పేరు ముందు డాక్టర్ అని రాసుకోవడం మీద జరిగినంత చర్చ, వాళ్ల చదువుకు తగ్గ పోస్టును సృష్టించడం మీద జరగలేదు. డిగ్రీని పెంచి పోస్టును పెంచకపోతే జీతం పెరగదు.

వేతన వ్యవస్థలు దేనికి ఎంత విలువ కడతాయో తెలుసుకోవడానికి ఎన్‌హెచ్‌ఎస్ పద్ధతి చూడటం మంచిది. 2004లో వచ్చిన కొత్త వేతన విధానంలో ప్రతి ఉద్యోగానికీ పదహారు అంశాల మీద మార్కులు వేస్తారు. మొత్తం వెయ్యి మార్కుల్లో 'జ్ఞానం, శిక్షణ, అనుభవం' అనే ఒక్క అంశానికే 240. శారీరక శ్రమకు 25, మానసిక శ్రమకు 25, భావోద్వేగాల భారానికి 25, పని పరిస్థితులకు 25. అంటే రోగిని ఎత్తి పడుకోబెట్టడం, చనిపోయిన బిడ్డ తల్లిదండ్రుల పక్కన నిలబడటం, వాంతి, రక్తం, మలమూత్రాల మధ్య పన్నెండు గంటలు గడపడం, అన్నీ కలిపి వందకు మించవు. ఇది దాపరికం లేని పద్ధతి, అందుకు మెచ్చుకోవాలి. కానీ ఈ తూకంలో నర్సు పనిలో బరువైన భాగం తేలిపోతుందన్నది స్పష్టం. మిగతా దేశాల్లో ఇంత పారదర్శకంగా మార్కులు వేయరు గానీ, ఆలోచన పెద్దగా వేరు కాదు. పుస్తకంలో నేర్చుకునేదానికి రేటు ఉంటుంది, ఒంటితో, మనసుతో మోసేదానికి 'సేవ' అనే బిరుదు ఉంటుంది.

డబ్బు వచ్చే దారి సంగతి ఇంకా ఆసక్తికరం. ఆసుపత్రి బిల్లులో నర్సు పని చాలా దేశాల్లో విడిగా కనిపించదు, గది అద్దెలోనో బెడ్ చార్జీలోనో కలిసిపోతుంది. డాక్టర్ ఫీజుకు ఒక వరుస, మందులకు ఒక వరుస, ల్యాబ్‌కు ఒక వరుస ఉంటాయి. రోజంతా మంచం పక్కన ఉన్న మనిషికి మాత్రం వరుస లేదు. అందువల్ల యాజమాన్యం లెక్కల్లో నర్సు ఆదాయం తెచ్చే మనిషి కాదు, ఖర్చు. బడ్జెట్ తగ్గించాలంటే ముందు కన్ను పడేది నర్సింగ్ సిబ్బంది మీదే.

ఫార్మసీ దీనికి పూర్తిగా ఎదురు. అక్కడ మందుకు ధర ఉంది, మార్జిన్ ఉంది, బిల్లు ఉంది. ఫార్మసిస్ట్ జీతం ఆ మార్జిన్ మీద బతికింది. అమెరికాలో పెద్ద జీతాలకు డిగ్రీ ఒక కారణమైతే, దశాబ్దాల పాటు మందుల షాపుల గొలుసులు విస్తరించి, ప్రతి కొత్త కౌంటర్‌కూ లైసెన్సు ఉన్న మనిషి తప్పనిసరి కావడం మరో కారణం. కానీ మార్జిన్ మీద బతికే జీతానికి మార్జిన్‌తో పాటే కష్టం వస్తుంది. బీమా కంపెనీల తరఫున మందుల ధరలు తేల్చే మధ్యవర్తి సంస్థలు చెల్లింపులు తగ్గించుకుంటూ పోవడంతో, కౌంటర్ వెనక మనుషులను తగ్గించడం మొదలైంది. పెద్దవయసు వాళ్ల ప్రభుత్వ బీమా మెడికేర్, సలహా ఇచ్చినందుకో మందులను సమీక్షించినందుకో ఫీజు అడగగల వైద్య సేవకుల జాబితాలో ఫార్మసిస్టులను దేశమంతటికీ వర్తించేలా చేర్చలేదు. అదే జాబితాలో నర్స్ ప్రాక్టీషనర్లు, అంటే పై చదువు చదివి రోగులను సొంతంగా చూసే నర్సులు, ఉన్నారు. ఆరేళ్లు చదివిన జ్ఞానానికి బిల్లు లేదు, డబ్బాలో పోసిన మాత్రలకు బిల్లు ఉంది. 2023 శరదృతువులో అక్కడి షాపుల గొలుసుల్లో ఫార్మసిస్టులు విధులు ఆపేసి బయటికి వచ్చినప్పుడు వాళ్ల ప్రధాన డిమాండ్ జీతం పెంపు కూడా కాదు. ఒక్కరే ప్రిస్క్రిప్షన్లు చూస్తూ, ఫోన్లు ఎత్తుతూ, టీకాలు వేస్తూ ఉండే పరిస్థితి మార్చి, సిబ్బందిని పెంచమన్నారు.

సరఫరా వైపు కూడా ఒక మాట. అమెరికాలో 2000 ప్రాంతంలో ఎనభై పైచిలుకు ఉన్న ఫార్మసీ కళాశాలలు రెండు దశాబ్దాల్లో 140 దాటాయి. కొరత చూసి కట్టిన కాలేజీల నుంచి పట్టభద్రులు బయటికి వచ్చేసరికి కొరత తీరిపోయింది, జీతాల పెరుగుదల మందగించింది, తర్వాత దరఖాస్తులూ తగ్గాయి. ఇంజినీరింగ్ కాలేజీల కథ చూసినవాళ్లకు ఇందులో ఆశ్చర్యం ఏమీ ఉండదు.

ఒక్క మధ్యస్థ వేతనాన్ని చూసి తీర్పు ఇచ్చేస్తే ఇంకో పెద్ద విషయం తప్పిపోతుంది. ఫార్మసిస్ట్ జీతం ఎత్తులో మొదలై చదునుగా సాగుతుంది. కౌంటర్ దగ్గర పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లకూ రెండేళ్ల వాళ్లకూ తేడా పెద్దగా ఉండదు. నర్సు జీతం కింద మొదలవుతుంది, కానీ మెట్లు ఎక్కువ. కార్మిక గణాంకాల విభాగం 2023 మే లెక్కల్లో అమెరికాలో నర్స్ ప్రాక్టీషనర్ల మధ్యస్థ వేతనం 1,26,260 డాలర్లు, మత్తు ఇచ్చే నర్స్ అనస్థటిస్టులది 2,12,650 డాలర్లు. అదే ఏడాది ఫార్మసిస్టులది 1,36,030. కాబట్టి పద్దెనిమిదేళ్ల వయసులో నర్సింగ్ ఎంచుకున్న అమ్మాయి, మధ్యలో పనిచేస్తూ, సంపాదిస్తూ, మళ్లీ చదువుకుని, నలభై ఏళ్లకు ఫార్మసిస్టును దాటిపోవచ్చు. అప్పు కూడా తక్కువే చేస్తుంది. నైట్ డ్యూటీ అలవెన్సు, ఓవర్‌టైమ్ ఈ మధ్యస్థ లెక్కల్లో పూర్తిగా కనపడవన్నది దీనికి అదనం.

నర్సుల పెద్ద బలం సంఖ్య. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదిక ప్రకారం 2023 నాటికి ప్రపంచంలో 2.98 కోట్ల మంది నర్సింగ్ సిబ్బంది ఉన్నారు. ఆరోగ్య రంగంలో ఇంత పెద్ద గుంపు మరొకటి లేదు. పైగా వాళ్లంతా ఆసుపత్రుల్లో, ఒకే చోట, ఒకే యజమాని కింద ఉంటారు. ఫార్మసిస్టులు వేల షాపుల్లో ఒక్కొక్కరుగా విడిపోయి ఉంటారు. కొందరు మళ్లీ ఆ షాపులకు ఓనర్లే. ఈ తేడా ఫలితం కాలిఫోర్నియాలో కనిపిస్తుంది. నర్సుల సంఘాలు పోరాడి 1999లో చట్టం చేయించుకున్నాయి, 2004 నుంచి ఏ వార్డులో ఒక నర్సుకు ఎంతమంది రోగులకు మించి ఇవ్వకూడదో అక్కడ నిర్దిష్టంగా ఉంది. ఐసీయూలో ఇద్దరు, సాధారణ వార్డులో అయిదుగురు. ఆ రాష్ట్రంలో రిజిస్టర్డ్ నర్సుల సగటు వార్షిక వేతనం 2023లో 1,37,690 డాలర్లు, అంటే దేశంలో ఫార్మసిస్టుల మధ్యస్థ వేతనంతో దాదాపు సమానం.

భారత్‌లో ప్రైవేటు ఆసుపత్రుల నర్సుల పరిస్థితి వేరు. పైన చెప్పిన లెవల్ 7 ప్రభుత్వ కొలువు దొరికిన కొద్దిమందికే. సుప్రీంకోర్టు 2016 జనవరిలో ఇచ్చిన ఆదేశంతో ఏర్పడిన కమిటీ, రెండు వందల పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రులు రాష్ట్ర ప్రభుత్వ నర్సులతో సమానంగా జీతం ఇవ్వాలని, యాభై పడకల్లోపు చిన్న ఆసుపత్రులు సైతం నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని సిఫారసు చేసింది. సిఫారసు చేసింది గానీ అమలు రాష్ట్రాలకు వదిలేసింది. 2017లో నర్సులు సమ్మె బాట పట్టిన కేరళలో 2018లో ప్రభుత్వం 20,000 కనీస వేతనాన్ని నోటిఫై చేసింది. మిగతాచోట్ల నర్సులు సంఘటితమైన మేరకే కదలిక ఉంది.

ప్రైవేటు ఫార్మసిస్టుకు అలాంటి కమిటీ కూడా లేదు. పైగా ఈ వృత్తి పరువును లోపలి నుంచే తినేస్తున్న అలవాటు ఒకటుంది: సర్టిఫికెట్ అద్దె. రిజిస్టర్డ్ ఫార్మసిస్ట్ పర్యవేక్షణలోనే మందులు అమ్మాలని చట్టం చెబుతుంది. కాబట్టి మెడికల్ షాపు పెట్టాలంటే ఆ సర్టిఫికెట్ కావాలి. నెలకు ఇంత అని మాట్లాడుకుని సర్టిఫికెట్‌ను షాపు గోడకు తగిలించి, ఆ సర్టిఫికెట్ పొందిన ఫార్మసిస్ట్ మరో ఉద్యోగంలో ఉండిపోవడం చాలాచోట్ల బహిరంగ రహస్యం. మనిషి లేకుండా కాగితం ఉంటే చాలనుకున్నప్పుడు, రోజంతా కౌంటర్ దగ్గర నిలబడే అసలు ఫార్మసిస్టుకు ఓనర్ ఎందుకు ఎక్కువ ఇస్తాడు? కాగితానికి అద్దె ఎంతో, దానికి కాస్త పైన అతని జీతం ఆగిపోతుంది. నర్సింగ్‌లో ఈ మోసం ఇంత సులువుగా సాగదు. సర్టిఫికెట్ ఇంజెక్షన్ చేయలేదు, బెడ్ దగ్గర మనిషి లేకపోతే గంటలో తెలిసిపోతుంది.

గౌరవం విషయానికి వస్తే జీతాల లెక్క ఏ మాత్రం పనికిరాదు. అమెరికాలో గ్యాలప్ సంస్థ ఏటా ఏ వృత్తివాళ్లు నిజాయితీపరులని అడుగుతుంది. 1999లో నర్సులను ఆ జాబితాలో చేర్చినప్పటి నుంచి 2001 తప్ప ప్రతి ఏడాదీ మొదటి స్థానం వాళ్లదే (ఆ ఒక్క ఏడాది న్యూయార్క్ దాడుల తర్వాత అగ్నిమాపక సిబ్బందికి దక్కింది). 2024 చివరి సర్వేలో నర్సులకు 76 శాతం, ఫార్మసిస్టులకు 57, డాక్టర్లకు 53. నమ్మకం ఇంత ఉంది కదా అని నర్సు మాట వార్డు రౌండ్లలో చెల్లుతుందనుకుంటే పొరపాటు. నమ్మకం వేరు, అధికారం వేరు.

ఈ నమ్మకంలో పెద్ద భాగం కనిపించడం వల్ల వస్తుంది. కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్ వారానికి ఒకసారి వేసుకోవాల్సిన మందు. చీటీ మీద పొరపాటున 'రోజూ' అని పడిందనుకుందాం. అలాగే వాడితే కొద్ది రోజుల్లోనే నోరంతా పుండ్లు పడి, ఎముక మజ్జ దెబ్బతిని, ప్రాణం మీదికి వస్తుంది. ఫార్మసిస్ట్ ఆ చీటీ దగ్గర ఆగి, డాక్టర్‌కు ఫోన్ చేసి, మార్పించి, 'ఆదివారం ఒక్కరోజే వేసుకోండి' అని కవర్ మీద రాసిస్తే రోగికి తెలిసేది ఒక్కటే: మందుల షాపులో పావుగంట ఆలస్యమైందని. అదే సర్జరీ అయిన రెండో రాత్రి రోగి ఆయాసం పెరగడం, మూత్రం తగ్గడం గమనించి, ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకిందేమోనని డ్యూటీ డాక్టర్‌ను నిద్రలేపిన నర్సును ఇంటిల్లిపాదీ జన్మంతా గుర్తుపెట్టుకుంటారు. రెండుచోట్లా కాపాడింది ప్రాణాన్నే.

తప్పు జరిగినప్పుడు మాత్రం ఇద్దరికీ వాత సమానంగానే పడుతుంది. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో 2006లో ఒక చిన్నారి కీమో బ్యాగులో టెక్నీషియన్ ఉప్పు ద్రావణాన్ని మోతాదుకు ఎన్నో రెట్లు గాఢంగా కలిపితే, దాన్ని తనిఖీ చేసి వదిలిన ఫార్మసిస్ట్ 2009లో జైలుకు వెళ్లారు. టెనెసీలో 2017లో నిద్రమత్తు మందుకు బదులు కండరాలను స్తంభింపజేసే వెక్యూరోనియం ఇచ్చిన నర్సుపై 2022లో నేరం రుజువై మూడేళ్ల ప్రొబేషన్ (జైలుకు బదులు కోర్టు పర్యవేక్షణలో ఉంచే శిక్ష) పడింది. రెండు కేసుల్లోనూ ఆసుపత్రి ఏర్పాట్లలోని లోపాలు బయటపడ్డాయి, నేరస్థులుగా నిలబడింది మాత్రం లైసెన్సు ఉన్న వ్యక్తులే. జీతం మాట్లాడుకునేటప్పుడు ఈ బాధ్యతకు ఎవరూ రేటు కట్టరు.

ఆడవాళ్ల పని కాబట్టే నర్సింగ్‌కు జీతం తక్కువన్న వాదనలో నిజం ఉంది, కానీ ఫార్మసీ ఆ వాదనను కొంచెం చిక్కుల్లో పెడుతుంది. అమెరికాలో ఫార్మసిస్టుల్లోనూ ఇప్పుడు సగానికి పైగా ఆడవాళ్లే, అయినా జీతం పడిపోలేదు. ఆర్థికవేత్త క్లాడియా గోల్డిన్, లారెన్స్ కాట్జ్‌తో కలిసి దీన్ని పరిశీలించారు. ఒక ఫార్మసిస్ట్ చూస్తున్న రోగిని మరో ఫార్మసిస్ట్ ఇబ్బంది లేకుండా అందుకోగలరు, రికార్డు మొత్తం కంప్యూటర్‌లో ఉంటుంది, కాబట్టి తక్కువ గంటలు పనిచేసినా గంటకు వచ్చేది తగ్గదు, మగ ఆడ తేడా తక్కువగా ఉండటానికి అదే కారణమని వాళ్ల విశ్లేషణ. గోల్డిన్‌కు 2023లో అర్థశాస్త్ర నోబెల్ వచ్చింది. అయితే ఒకరి చోట మరొకరు సులువుగా సరిపోయే గుణమే, పట్టభద్రులు ఎక్కువైనప్పుడు బేరమాడే శక్తిని తగ్గించడమూ సహజం.

విదేశాలకు వెళ్లాలనుకునేవారికి ఈ పోలిక ఇంకోలా తిరుగుతుంది. నర్సు లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్‌ను అమెరికాతో పాటు కెనడా, విదేశీ నర్సుల కోసం ఆస్ట్రేలియా కూడా వాడుతున్నాయి, అంటే ఒక్క పరీక్ష తయారీ మూడు దేశాలకు పనికొస్తుంది. ఫార్మసీలో అమెరికా తలుపు చాలా ఇరుకు. 2003 తర్వాత పట్టా పొందినవాళ్లకు కనీసం అయిదేళ్ల ఫార్మసీ చదువు ఉండాలన్నది నిబంధన. నాలుగేళ్ల బీ ఫార్మసీతో అక్కడ ఫార్మసిస్ట్ లైసెన్సు దారిలో మొదటి మెట్టు కూడా ఎక్కలేరు, ఫార్మ్ డీ వాళ్లు ఎక్కగలరు. ఇంటర్ తర్వాత కౌన్సెలింగ్‌లో కూర్చున్నప్పుడు ఈ సంగతి ఎవరూ చెప్పరు. బీ ఫార్మసీకి మరో వైపు తలుపులు తెరిచే ఉన్నాయి, అది వేరే లెక్క: మందుల కంపెనీల్లో క్వాలిటీ, ఫార్ములేషన్, రెగ్యులేటరీ, దుష్ప్రభావాల పర్యవేక్షణ ఉద్యోగాలు. వాటిలో ఎదిగినవాళ్ల జీతాన్ని కౌంటర్ ఫార్మసిస్ట్ జీతంతో కలిపి సగటు తీస్తే ఆ సగటుకు అర్థమే ఉండదు.

ఇక సంతకం. మందు రాసే అధికారం డాక్టర్ చేతిలో ఉన్నంతకాలం నర్సు, ఫార్మసిస్ట్ ఇద్దరూ మరొకరి ఆర్డర్‌ను అమలు చేసేవాళ్లే. బ్రిటన్ ఈ గోడను మెల్లగా తొలగిస్తోంది. 2006లో ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులకు, ఫార్మసిస్టులకు సొంతంగా మందులు రాసే హక్కు విస్తరించింది. 2026 నుంచి అక్కడ కొత్తగా రిజిస్టర్ అయ్యే ప్రతి ఫార్మసిస్టూ మొదటి రోజు నుంచే మందు రాయగలిగేలా శిక్షణను మార్చారు. భారత్‌లో మొదటి అడుగు నర్సుల వైపు పడింది. 2018లో మొదలైన ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య కేంద్రాల్లో కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ పోస్టు పెట్టి, బీఎస్సీ నర్సింగ్, జీఎన్‌ఎం, ఆయుర్వేద పట్టభద్రులకు దాన్ని తెరిచారు. గ్రామంలో బీపీ, షుగర్ రోగులను చూసి, నిర్ణీత మందులు ఇచ్చే బాధ్యత వాళ్లది. మందుల గురించే చదువుకున్న ఫార్మసిస్టును ఆ జాబితాలో చేర్చలేదు.